ఏటిగట్టు రెల్లు జోలికి పోవద్దు

చి. శీనాకు,

 

హగరి ఏటిగట్టున రెల్లూ ఈతచెట్లూ పీకించడానికి జేసీబీ మాట్లాడుకున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. బోరుకు చేసిన అప్పు నిన్ను నిద్రపోనీయడం లేదని తెలుసురా. ఎకరం కలిసొస్తే మంచిదే. అయినా ఆ పని మాత్రం చేయొద్దు.

పడమటి కనుమలు వాన ఆపుకొని మనకు గాలి వదిలిపెట్టాయి. ఏడాదికి 550 మిల్లీమీటర్లు, అదీ పడితే. ఎండిన ఏట్లో ఇసుకంతా ఆషాఢం గాలికి మన చేల మీదికే వస్తుంది. దర్గాహొన్నూరు, గోవిందవాడ దగ్గర దిబ్బలు చూశావు కదా!

ఇసుక దుమ్ములా ఆకాశానికెక్కదు. రేణువు ఎగిరి, పడి, ఇంకో నాలుగింటిని లేపుతుంది. చాలామటుకు మోకాలెత్తులోనే దాని పరుగు. అందుకే రెల్లు చాలు. దుబ్బుల్లో దూరిన గాలికి ఊపు తగ్గి, మోసుకొచ్చింది అక్కడే దించుతుంది. ఇసుక కప్పేసినా రెల్లు పైకి పిలక వేస్తుంది, కింద వేళ్లు గట్టును వదలవు. దాని బదులు గోడ కడతానంటావేమో! గోడకు కొట్టుకున్న గాలి పైకెక్కి, అవతల సుడి తిరిగి నీ చేలోనే దిగుతుంది. సందులున్న అడ్డమే గాలికి మందు. ఇది ఏ ఇంజనీరునైనా అడుగు.

మా చిన్నప్పుడు పక్క చేని వాళ్లు గట్టు నున్నగా చెక్కేశారు. ఆ ఏడు రెండాకుల చెనిక్కాయ మొలకలను ఇసుక రాచి రాచి అంచులు కమిలి నల్లబడ్డాయి. మళ్లీ విత్తారు. మెత్తటి మన్ను గాలికి పోయి గరుకు మిగిలింది, సారమంతా ఆ మెత్తటి దాంట్లోనే కదా. ఆ గాలిలోనే నేను ఇంట్లో చెప్పకుండా సైకిలెక్కి రాయదుర్గం సినిమాకు పోయాను. చెవుల్లో ఇసుక చూసి మీ తాత పట్టేశాడు. సినిమా పేరు గుర్తులేదు, దెబ్బలు గుర్తున్నాయి.

జేసీబీ అతనికి అడ్వాన్సు ఇచ్చుంటే ఎంతో చెప్పు, నేను పంపిస్తా. మొండితనానికి పోకు నాయనా. వానలు పడగానే రెల్లుకు ఇవతల కానుగ, వేప వరస పెట్టు. కానుగను మేకలు అంతగా ముట్టవు. వేపకు మాత్రం రెండేళ్లు కంప కట్టాలి.

దగ్గు తగ్గిందా? గాలికాలం పోయేదాకా తలకు తువ్వాలు చుట్టుకోకుండా చేలోకి పోవద్దు. శనివారం బస్సుకు అత్త ఊరిబిండి పంపుతోంది. డబ్బా తిరిగి పంపు, పోయినసారిదే ఇంకా రాలేదని గొణుగుతోంది.

మీ మామ