చురుకైన బిడ్డకు ఏ పరీక్ష, ఏ వయసులో?

"మా వాడికి ఐదేళ్లండీ. ఇరవై ఎక్కాలు వచ్చు, దేశాల రాజధానులన్నీ గడగడా చెబుతాడు. ఐక్యూ టెస్టు ఎక్కడ చేయిస్తారు?" అడ్మిషన్ల కాలం వచ్చిందంటే కెరీర్ సలహాలు చెప్పేవాళ్లకు ఈ ప్రశ్న తప్పదు. అడిగే అమ్మానాన్నల గొంతులో సంతోషంతో పాటు బెరుకూ వినిపిస్తుంది. బిడ్డకున్న తెలివిని తాము సరిగా గుర్తించలేకపోతామేమో, పక్కింటి పిల్ల అప్పుడే ఒలింపియాడ్ బ్యాచ్‌లో చేరిపోయిందే అన్న బెరుకు. అది ప్రేమలోంచి పుట్టిందే కాబట్టి కొట్టిపారేయకూడదు. కానీ దానికి ముందుగా ఎదురు ప్రశ్న ఒకటి వేయాలి. ఫలితం చేతికొచ్చాక మీరు ఏం మారుస్తారు? మార్కు బాగా వస్తే ఏం చేస్తారు, రాకపోతే ఏం చేస్తారు? రెండింటికీ జవాబు ఒకటే అయితే ఆ పరీక్ష ఇప్పుడు అక్కర్లేదు.

తెలివిని కొలిచే పరీక్ష పుట్టింది కూడా ఇలాంటి ఒక స్పష్టమైన అవసరం కోసమే. బడిలో వెనకబడుతున్న పిల్లల్లో ఎవరికి ప్రత్యేక సాయం కావాలో తెలుసుకోవడానికి పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే, థియొడోర్ సీమోన్ 1905లో దాన్ని తయారుచేశారు. తెలివి పుట్టుకతోనే స్థిరపడిపోతుందన్న వాదాన్ని బినే ఒప్పుకోలేదు. సాయం అవసరమైన పిల్లలను వెతకడానికి పుట్టిన సాధనం పదహారేళ్లకల్లా అమెరికాలో మేధావులను వెతికే సాధనమైంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో లూయిస్ టెర్మన్ 1916లో దాన్ని తిరగరాసి, 1921లో కాలిఫోర్నియా బడుల నుంచి సుమారు 1,500 మంది పిల్లలను ఏరి, వాళ్ల జీవితాలను దశాబ్దాల పాటు గమనించే పని మొదలుపెట్టాడు. ఆ పిల్లల్లో చాలామంది పెద్దయ్యాక మంచి ఉద్యోగాల్లో స్థిరపడ్డారు. నోబెల్ మాత్రం ఎవరికీ రాలేదు. వచ్చింది ఆ పరీక్ష రాసి, మార్కు చాలక బయటే ఉండిపోయిన ఇద్దరు కుర్రాళ్లకు! ట్రాన్సిస్టర్ మీద పనికి విలియం షాక్లీకి 1956లో, కణ భౌతికశాస్త్రంలో లూయిస్ ఆల్వరెజ్‌కు 1968లో. ఒక్క మార్కుతో పిల్లల భవిష్యత్తు తేల్చేద్దామనుకునే వాళ్లకు ఈ ముచ్చట తప్పకుండా చెప్పాలి.

అలాగని ఐక్యూ పరీక్ష బూటకం కాదు. సగటును 100 దగ్గర పెట్టి లెక్కగట్టే ఈ కొలతలో 130 దాటేవాళ్లు నూటికి ఇద్దరు ముగ్గురికి మించరు. బడి వయసు పిల్లల్లో, శిక్షణ పొందిన మనిషి ఎదురుగా కూర్చుని ఒక్కొక్కరికి విడిగా చేస్తే అది చాలా సంగతులు చెబుతుంది. చిక్కల్లా చిన్న వయసుతోనే. నాలుగైదేళ్ల బిడ్డ ఆ పూట నిద్రపోయిందా, కొత్త మనిషి ముందు నోరు విప్పిందా, ప్రశ్న ఏ భాషలో అడిగారు అన్నవన్నీ మార్కులోకి వచ్చి కూర్చుంటాయి. ఆ వయసులో వచ్చిన అంకె రెండు మూడేళ్లకు బాగా మారిపోవచ్చు. ఎనిమిది, పదేళ్లు దాటాకే కొంత నిలకడ వస్తుంది. పైగా మన దగ్గర ఇప్పటికీ వాడుతున్న బినే-కామత్, మాలిన్ పరీక్షల ప్రమాణాలు దశాబ్దాల కిందటివి. కాబట్టి చేయించాల్సివస్తే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికే వెళ్లండి. ఏ పరీక్ష, ఎప్పటి ప్రమాణాలు, ఏ భాషలో అని అడగండి. ఒక్క అంకె కాకుండా ఏ అంశంలో ఎంత వచ్చిందో రాతపూర్వకంగా తీసుకోండి. ఇంట్లో ముందే నమూనా ప్రశ్నలు బట్టీ పట్టించి తీసుకెళ్తే ఆ ఫలితానికి విలువ ఉండదు. కొలిచింది బిడ్డ ఆలోచనను కాదు, మీరు కొన్న పుస్తకాన్ని.

కచ్చితంగా చేయించాల్సిన సందర్భం ఒకటుంది, దాన్ని మనవాళ్లు ఎక్కువగా వదిలేస్తారు. పిల్ల నోటితో అద్భుతంగా వివరిస్తుంది, కథలు అల్లుతుంది, కూడికలు మనసులోనే చేసేస్తుంది. పుస్తకం తెరిస్తే మాత్రం చదవలేదు, రాస్తే అక్షరాలు తారుమారు. ఇంట్లో బద్ధకం అంటారు, బడిలో శ్రద్ధ లేదంటారు. చదవడం, రాయడంలో చిక్కు తెచ్చే డిస్లెక్సియా ఉన్నవాళ్లలో గొప్ప తెలివైనవాళ్లూ ఉంటారు. తెలివి లోపాన్ని కప్పేస్తుంది, లోపం తెలివిని కప్పేస్తుంది, చివరికి ఆ పిల్ల సగటు విద్యార్థిగా మిగిలిపోతుంది. ఇక్కడ పరీక్ష ఫలితం వెంటనే పనికొస్తుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఇలాంటి అభ్యసన లోపాలను కూడా గుర్తించింది. సర్టిఫికెట్ ఉంటే బోర్డు పరీక్షల్లో అదనపు సమయం లాంటి వెసులుబాట్లు దొరుకుతాయి.

ఎల్‌కేజీ నుంచే వడపోత

నాలుగేళ్ల పిల్లలను పరీక్ష పెట్టి విడదీసే ప్రయోగం న్యూయార్క్ నగరం చాలా ఏళ్లు చేసింది. గిఫ్టెడ్ తరగతుల సీటు కోసం మూడేళ్ల పిల్లలకు ట్యూషన్లు పెట్టించేదాకా వెళ్లింది వ్యవహారం. కోచింగ్ కొనగలిగిన ఇళ్ల పిల్లలే ఎక్కువగా నెగ్గుతున్నారన్న విమర్శల మధ్య 2021లో ఆ పరీక్ష ఆగిపోయింది. తర్వాత టీచర్ల సిఫార్సు, లాటరీ వచ్చాయి. ఇప్పటికీ న్యూజెర్సీ, టెక్సాస్‌లలో స్థిరపడ్డ మన తెలుగు ఇళ్లలో రెండో తరగతి పిల్లల టేబుల్ మీద కాగ్‌ఎట్ అనే సామర్థ్య పరీక్ష ప్రాక్టీస్ పుస్తకాలు కనిపిస్తాయి. ఊరు మారినా భయం మారలేదు.

ఇక్కడి సంగతి మనకు తెలిసిందే. ఆరో తరగతి నుంచి ఐఐటీ ఫౌండేషన్. వారం వారం టెస్టు, ఆ మార్కులను బట్టి సెక్షన్ మార్పు, వాట్సాప్‌లో ర్యాంకుల జాబితా. చిన్న తరగతుల్లోనే ఒలింపియాడ్ బ్యాచ్ అంటూ వేరే ఫీజు. కింది సెక్షన్‌కు పడిపోయిన పదకొండేళ్ల పిల్లవాడు ఆ రాత్రి అన్నం ముందు కూర్చున్నప్పుడు వాడి మొహం చూసినవాళ్లెవరూ ఈ పద్ధతిని పోటీతత్వం పేరుతో సమర్థించలేరు. నాకైతే ఇది పిల్లల మీద చేస్తున్న అన్యాయంగానే కనిపిస్తుంది.

తల్లిదండ్రుల చేతిలో ఉన్న నిబంధనలు కొన్ని ఉన్నాయి, వాడుకునేవాళ్లే తక్కువ. విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం బడిలో చేర్చుకునేటప్పుడు పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ వడపోత పరీక్ష పెట్టకూడదు. మొదటి ఉల్లంఘనకు రూ. 25,000, ఆపై ప్రతిసారీ రూ. 50,000 వరకు జరిమానా. రెండో తరగతి వరకు ప్రత్యేకంగా పరీక్షలు పెట్టడం తగదని 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చెబుతోంది. 16 ఏళ్లు నిండనివాళ్లను కోచింగ్ సెంటర్లలో చేర్చుకోవద్దని కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో మార్గదర్శకాలిచ్చింది. అదే కోచింగ్ బడి గోడల మధ్యే, టైంటేబుల్లో ఒక పీరియడ్‌గా నడిస్తే అడిగే నాథుడు లేడు. కాబట్టి అడగాల్సింది తల్లిదండ్రులే.

నిజంగా తలుపులు తెరిచే పరీక్షలు

కొన్ని పరీక్షలకు ఫలితం వెనక ఒక సీటో, ఒక స్కాలర్‌షిప్పో ఉంటుంది. ఇలాంటి వాటికి పిల్లలను పంపాలి, భయపెట్టకుండా పంపాలి. ముఖ్యంగా పల్లెల్లో చురుకైన పిల్లలున్న ఇళ్లకు ఇవి అందకుండా పోతున్నాయన్నదే నా బాధ. ఐదో తరగతి చదువుతున్నవాళ్లు జవహర్ నవోదయ ప్రవేశ పరీక్ష తెలుగులోనే రాయొచ్చు. రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో సగం ప్రశ్నలు మానసిక సామర్థ్యం మీదే. కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ విద్యార్థులవి. ఒక్కసారే రాయనిస్తారు కాబట్టి తరగతి దాటిపోకుండా చూసుకోవాలి. రెండు రాష్ట్రాల గురుకులాల్లో ఐదో తరగతిలో చేరడానికి నాలుగో తరగతిలో ఉండగానే దరఖాస్తు చేయాలి. ఎనిమిదో తరగతిలో ఎన్ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష ఉంది. ఏడాదికి రూ. 3.5 లక్షలు మించని ఆదాయమున్న ఇళ్ల పిల్లలు ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల నుంచి రాస్తారు. ఎంపికైతే ఇంటర్ దాకా ఏటా రూ. 12,000 వస్తాయి. పల్లెలో బడి మానేసే ఆడపిల్లను నిలబెట్టడానికి ఆ డబ్బు చాలాసార్లు సరిపోతుంది.

ఒలింపియాడ్ పేరుతో జరిగే గందరగోళం గురించి కాస్త చెప్పాలి. రెండో తరగతి పిల్లల మెడలో వేసే గోల్డ్ మెడళ్లకూ, అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌కూ ఏ సంబంధమూ లేదు. అవి ప్రైవేటు సంస్థలు ఫీజు తీసుకుని నడిపే పోటీలు. సరదాగా రాస్తే తప్పులేదు, సీటు మాత్రం రాదు. అసలైన దారి ఐఓక్యూఎం అనే పరీక్షతో మొదలవుతుంది. అందులో నెగ్గితే ప్రాంతీయ స్థాయి ఆర్ఎంఓ, ఆపై జాతీయ స్థాయి ఐఎన్ఎంఓ, చివరికి ముంబయిలోని హోమీ భాభా సైన్స్ ఎడ్యుకేషన్ కేంద్రం నిర్వహించే శిక్షణ శిబిరం. సైన్సులో చిన్నవాళ్ల కోసం ఎన్ఎస్ఈజేఎస్ అనే పరీక్ష ఉంది. ఈ దారిలో పైకి వెళ్లినవాళ్లకు చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ లాంటి చోట్ల ప్రత్యేక ప్రవేశ మార్గాలున్నాయి. నియమాలు ఏటా మారుతుంటాయి, ఆ సంవత్సరం నోటిఫికేషన్ చూసుకోవాలి. గుర్తుంచుకోవాల్సింది వయసు గురించే. ఇదంతా ఎనిమిదో తరగతి నుంచి మొదలయ్యే మాట. మూడో తరగతి నుంచి దీనికి బ్యాచ్ అక్కర్లేదు. మంచి లెక్క ఒకటి ఇచ్చి, జవాబు చెప్పకుండా రెండు రోజులు ఓపిక పట్టగల టీచరో, నాన్నో ఉంటే చాలు.

క్లాసులు దాటించేయాలని తొందరపడేవాళ్లు నీట్ నిబంధన ఒకటి చూడాలి. పరీక్ష రాసే ఏడాది డిసెంబరు 31కి 17 ఏళ్లు నిండాలి. రెండేళ్లు ముందే ఇంటర్ పూర్తిచేసిన పిల్ల మెడిసిన్ సీటు కోసం ఆ వయసు వచ్చేదాకా ఆగాల్సిందే. బాగా ముందున్న పిల్లలకు మేలైన పద్ధతి ఆస్ట్రేలియాలో పెరిగిన టెరెన్స్ టావో విషయంలో కనిపిస్తుంది. ఎనిమిదేళ్లకే అమెరికా శాట్ గణితంలో 760 తెచ్చుకున్న పిల్లవాడతను. అయినా అన్ని సబ్జెక్టుల్లో ఒకేసారి పైకి తోయలేదు. లెక్కల్లో పెద్ద తరగతి, మిగతావాటిలో తన స్థాయికి తగిన తరగతి. తర్వాత అతను ఫీల్డ్స్ మెడల్ అందుకున్నది 2006లో. మన బడుల్లో కూడా లెక్కల పీరియడ్‌కు మాత్రం పై తరగతిలో కూర్చోనిమ్మని ప్రిన్సిపాల్‌ను అడగొచ్చు. అందుకు ఏ ఐక్యూ సర్టిఫికెట్టూ అవసరం లేదు.

ఏకసంథాగ్రాహి అని పొగిడే ముందు

ఇంటికొచ్చిన ప్రతి చుట్టం ముందూ పిల్లను నిలబెట్టి ఎక్కాలు చెప్పించడం మనకు అలవాటు. అమెరికాలో క్లాడియా ముల్లర్, కెరొల్ డ్వెక్ ఐదో తరగతి పిల్లల మీద చేసిన పరిశోధన 1998లో వెలువడింది. ఒక గుంపును "నువ్వు తెలివైనదానివి" అని, ఇంకో గుంపును "బాగా కష్టపడ్డావు" అని మెచ్చుకున్నారు. తెలివి పొగడ్త విన్నవాళ్లలో ఎక్కువమంది తర్వాత సులువైన ప్రశ్నలే ఎంచుకున్నారు. కష్టమైనవి ఇచ్చి ఓడించాక వాళ్ల ప్రదర్శన ఇంకా తగ్గింది. తమ మార్కు రాయమంటే పదిమందిలో నలుగురు పెంచి రాశారు. వీకెండ్ టెస్టు పేపరు పుస్తకాల సంచి అడుగున దాచే పిల్లలున్న ఇళ్లలో ఈ సంగతి ఆలోచించాలి.

అలా పొగడ్తలు వింటూ పెరిగిన పిల్లలే ఇప్పుడు ఇంటర్‌లోనో, బీటెక్‌లోనో, మొదటి ఉద్యోగ ప్రయత్నాల్లోనో ఉన్నారు. ఈ పత్రిక చదువుతున్న మీలో కూడా ఉండొచ్చు. పదో తరగతి దాకా మీరే ఫస్టు. తర్వాత చేరిన చోట అందరూ ఫస్టే. అక్కడ ముప్పయ్యో ర్యాంకు వస్తే మీ తెలివి ఎక్కడికీ పోలేదు, చుట్టూ ఉన్న గుంపు మారింది. ఇన్నాళ్లూ చదవకుండానే మార్కులు వచ్చాయి కాబట్టి చదివే పద్ధతి అలవడలేదు, అంతే. తప్పు చేసిన లెక్కలను ఒక నోటుబుక్కులో రాసి మళ్లీ చేయడం, అర్థం కానిదాన్ని సిగ్గుపడకుండా పక్కవాణ్ని అడగడం, ఒక సబ్జెక్టుకు రోజూ ఒకే సమయం ఇవ్వడం ఇప్పుడు నేర్చుకుంటే ఆలస్యమేమీ కాదు. క్యాంపస్ సెలెక్షన్ల ఆప్టిట్యూడ్ రౌండ్ కూడా చిన్నప్పటి మెడళ్లను చూడదు. సాధన చేసినవాళ్లకు అది లొంగుతుంది.

అమ్మానాన్నలతో మాట్లాడలేనంత బరువుగా ఉంటే, నిద్ర పట్టకపోతే, బతకాలనిపించకపోతే 14416కు ఫోన్ చేయండి. ప్రభుత్వ టెలీ మానస్ సేవ అది. ఏ వేళైనా, ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. పిల్లల మాట తీరు మారిందని గమనించిన తల్లిదండ్రులూ అదే నంబరుకు చేసి, ఏం చేయాలో అడగొచ్చు.