తిథి తప్పిన పూలు

అమెరికా దేశమున మసాచుసెట్స్ రాష్ట్రమునందు కాంకర్డ్ అను చిన్న యూరు కలదు. ఇంచుమించు నూట డెబ్బది యేండ్లకు పూర్వము ఆ యూరిలో ఒక మనుష్యుడు ప్రతిదినము పొలములవెంటను, అడవులవెంటను గంటలకొలది నడచుచుండెడివాడు. కోసిన మొక్కలను వాడిపోకుండ తన పాత టోపీలో దాచుకొని యింటికి తెచ్చెడివాడు. ఆతడే హెన్రీ డేవిడ్ థోరో (1817–1862). అన్యాయమైన ప్రభుత్వమునకు సహకరింపరాదని ఆతడు వ్రాసిన వ్యాసమును గాంధీమహాత్ముడు దక్షిణాఫ్రికాలో నుండగా చదివి మెచ్చుకొనెను.

థోరో 1852 మొదలు 1858 వఱకు ఏ మొక్క ఏ దినమున తొలిపువ్వు పూచినదో వ్రాసియుంచెను. అట్లు వ్రాసిన జాతులు ఐదువందలకు మించియుండెను. తాను మైమఱచి నిదురించి ఒక చిత్తడినేలలో మేల్కొన్నను, అచటి మొక్కలను చూచి, రెండు దినముల తేడాలో తేదీని చెప్పగలనని ఆతడు తలచెడివాడట. ఈ సంగతిని ఆతని మిత్రుడు ఎమర్సన్ తెలిపియున్నాడు.

కాలము గడచినది. 2003లో బోస్టన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు రిచర్డ్ ప్రైమాక్, ఆయన శిష్యుడు అబ్రహాం మిల్లర్ రషింగ్ కాంకర్డ్ పరిసరములలో ఆ పూలనే మరల వెదకనారంభించిరి. తాము వ్రాసిన తేదీలను థోరో పట్టికలతో పోల్చిచూడగా, సాధారణముగా కనబడు 43 జాతులు సగటున 7 దినములు ముందుగా పూచుచున్నట్లు తేలెను. ఈలోగా ఆ ప్రాంతపు ఉష్ణోగ్రత సుమారు 2.4 సెంటిగ్రేడు డిగ్రీలు పెరిగినది. చెంతనున్న బోస్టన్ నగరము విస్తరించుట ఇందుకొక కారణము. బొగ్గును, చమురును మండించుటచే గాలిలో బొగ్గుపులుసు వాయువు హెచ్చి, భూమియంతయు వేడెక్కుట మఱియొక కారణము.

శీతలదేశములలో మొక్కలు చలికాలమున విశ్రమించి, వసంతపు వెచ్చదనము సోకగానే మొగ్గలు విప్పును. వెచ్చదనము ముందు వచ్చిన, పూతయు ముందు వచ్చును. వారము ముందు పూచినంతమాత్రమున నష్టమేమని తోచవచ్చును. కాని అన్ని మొక్కలును ఒక్కరీతిగా త్వరపడవు. అడవిలో నేలను ప్రాకు చిన్న పూలమొక్కలు, పైనున్న వృక్షములు ఆకు తొడుగకముందే, లభించిన కొలదిపాటి యెండతో తమ యాహారమును కూర్చుకొనవలెను. కాంకర్డ్‌లో వృక్షములు ఈ చిన్న మొక్కలకంటె ఎక్కువగా త్వరపడుచున్నవి. నీడ ముందుగా క్రమ్ముటచే మొక్కలకు దక్కు యెండ తగ్గుచున్నది.

2008లో ప్రకటింపబడిన ఒక పరిశోధన ప్రకారము, థోరో చూచిన జాతులలో నూటికి 27 ఆ యూరినుండి అదృశ్యమైనవి. మఱి 36 మిక్కిలి అరుదైనవి. వేడిమి ననుసరించి పూతకాలమును మార్చుకొనలేని జాతులే ఎక్కువగా క్షీణించినవి.

నేడు థోరో ఆ చిత్తడినేలలో మేల్కొన్నచో తేదీని వారముదాక తప్పి చెప్పును. ఆ తప్పు ఆతనిది కాదు. ఆతడు నమ్మిన పూలే తిథి తప్పినవి. అవి తిథి తప్పినవని లోకమునకు తెలియుటకు సాక్ష్యము ఆతని వ్రాతయే. ఆతని చేత గొప్ప యంత్రములు లేవు. ఓర్పు, కాగితము, కలము మాత్రమే యుండెను. పెరటిలోని వేప ఏ నాడు పూచినదో ఏటేట వ్రాసియుంచు బాలునికిని అంతకుమించి అక్కఱలేదు.