కుస్కో నగరమున కడపటి దినము

దక్షిణ అమెరికాలోని పెరూ దేశమున, ఆండీస్ పర్వతములపై సుమారు 3,400 మీటర్ల ఎత్తున కుస్కో నగరము కలదు. స్పెయిను దేశీయులు రాకముందు ఇది ‘ఇంకా’ ప్రభువుల రాజధాని.

లీమా నగరమునుండి వృద్ధదంపతులిరువురు ఈ నగరమును చూడవచ్చిరి. సముద్రతీరవాసులగుటచే మొదటి రెండు దినములు తలనొప్పితోను, ఆయాసముతోను గడచెను. ఇక నొక్కదినమే మిగిలెను. భర్త పూర్వము తాపీమేస్త్రి. భార్య తల్లిదండ్రులు ఈ కొండసీమనుండి వలసపోయినవారు. వారి కెచువా భాష ఆమెకు వచ్చును. కాని నలుగురును నవ్వుదురని చిన్ననాడే దానిని మాట్లాడుట మానివేసెను.

ఉదయమున వారు కోరికాంచకు పోయిరి. ఆ పేరునకు బంగారు ప్రాకారమని యర్థము. ఈ సూర్యాలయపు గోడలకు ఒకప్పుడు బంగారు రేకులుండెడివి. 1532లో స్పెయిను సేనాని పిజారో, ఇంకా ప్రభువగు అతాహువల్పాను బంధించెను. ప్రభువు విడుదలకై ఆ రేకులను ఊడబెరికి యిచ్చిరి. పిజారో బంగారమును గైకొనియు, 1533లో అతనిని చంపించెను. పిదప ఆలయకుడ్యములపై క్రైస్తవమఠము వెలసెను. 1950లో భూకంపము వచ్చినపుడు మఠము చాలవరకు కూలగా, మరుగుపడిన ఇంకాల గోడలు బయటపడెను.

“సున్నము లేక యివి యెట్లు నిలిచినవండీ?” అని భార్య యడిగెను.

“గోడ కొంచెము లోనికి వాలియున్నది, చూడుము. ద్వారము అడుగున వెడల్పు, పైన ఇరుకు. రాతిలో రాయి ఒదిగినది. ఇనుప పనిముట్లు లేనివారు గుండ్రాళ్లతో కొట్టి, అమర్చి చూచి, మరల తీసి చెక్కిరి. నేను జీవితమంతయు గోడలు కట్టితిని, ఇంతటి ఓర్పు నాకు లేకపోయెను” అని భర్త పలికెను.

పిమ్మట ఒక సన్నని వీధిలో పన్నెండు మూలల రాతిని చూచిరి. 2025 ఫిబ్రవరిలో ఒకడు దానిని పనిముట్టుతో కొట్టి పెచ్చులూడగొట్టెను. “భూకంపములు చేయని పనిని మనిషి చేసెను” అని మేస్త్రి నిట్టూర్చెను.

మధ్యాహ్నము సక్సాయ్‌వామాన్ అను కొండకోటకు మెల్లగా నెక్కిరి. అందు నూరు టన్నులకు మించిన శిలలు కలవు. స్పెయినువారు తమ భవనములకై చిన్నరాళ్లను తరలించుకొనిపోయిరి, పెద్దవానిని కదల్పలేకపోయిరి.

సాయంకాలము అంగడిలో మొక్కజొన్నలమ్ము ముసలమ్మ తన మనుమరాలితో కెచువాలో ముచ్చటించుచుండెను. భార్య నిలిచి వినెను. ఒక్కక్షణము తటపటాయించి, అదే భాషలో ధర యడిగెను. ముసలమ్మ ముఖము వికసించెను. “ఏ ఊరి బిడ్డవమ్మా?” అని యడిగి, కొసరుగా రెండు కంకులు వేసెను. పెరూ ప్రభుత్వము 1975లో ఆ భాషకు అధికారభాషా గౌరవమిచ్చినది. ఆమె నాలుకపైకి అది ఆనాడు మరలివచ్చెను.

రాత్రి బస్సులో భర్త యిట్లనెను: “బంగారము పోయినది. గోడలు నిలిచినవి. నీ మాటయు నిలిచినది.”

“ఇంటికి పోయి మనుమలకు నేర్పెదనండీ” అని ఆమె బదులు పలికెను.

కొల్లగొట్టినవాడు బంగారమును కొనిపోగలడు. పనితనమును, మాతృభాషను మాత్రము, మనము విడువనంతవరకు, ఎవ్వరును కొనిపోజాలరు.

ప్రశ్నలు

1. సున్నము లేకయే ఇంకాల గోడలు నిలుచుటకు మేస్త్రి చెప్పిన కారణములేవి?
2. భార్య కెచువా మాట్లాడుట ఏల మానెను? మరల ఎట్లు మాట్లాడెను?