అల్లుడికి, ఆ వెండి బిళ్ల గురించి

ముత్తుకూరు



రొయ్యల గుంట తవ్వుతుంటే దొరికిందని నువ్వు ఫోన్‌లో పంపిన నాణెం ఫొటో రాత్రి చాలాసేపు చూశాను. తలకు కిరీటం లేదు కాబట్టి రోమన్‌దే అయి ఉంటుందని రాశావు. తొందరపడకు. ఇంగ్లీషు రాజు ఏడో ఎడ్వర్డు వెండి పావలా మీద కూడా ఆయనది బోడి తలే. అడ్డంగా కొలిస్తే పావలా 19 మిల్లీమీటర్లు, రోమన్ల వెండి నాణెం డెనారియస్ కూడా దాదాపు అంతే. అందుకని కంసాలి దగ్గర తూకం వేయించు. పావలా 2.9 గ్రాములు. అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల కాలపు డెనారియస్ అరగకుండా ఉంటే 3.8 దాకా తూగుతుంది.

తర్వాత అంచు చూడు. పావలా మిషను మీద వేసింది, చుట్టూ సన్నటి గీతలుంటాయి. డెనారియస్ సుత్తిదెబ్బతో అచ్చయింది. ఒక పక్క పలచబడి, ఇంకో పక్క చిట్లి, బొమ్మ నడిమధ్య నుంచి జరిగి ఉంటుంది. అంచు చుట్టూ అతుకు గీత, ముఖం నిండా సూదిపోటు గుంటలు కనబడితే అది పోత పోసిన నకలు.

అక్షరాలు భూతద్దంతో చూడు. బ్రాహ్మి అక్షరాలుండి, వెనక కొండ గుర్తు, ఉజ్జయిని గుర్తు ఉంటే అది శాతవాహనులది. వాళ్లూ వెండి మీద రాజు తల వేశారు. రోమన్‌దైతే ఇంగ్లీషు పెద్దక్షరాల్లాంటివే ఉంటాయి, కాని అగస్టస్ పేరులో 'యు' రావలసిన చోటల్లా 'వి' కనబడుతుంది. వెనక ఇద్దరు కుర్రాళ్లు డాళ్లు, ఈటెలు పెట్టుకుని నిలబడి ఉన్నారా? వాళ్లు అగస్టస్ మనవళ్లు గైయస్, లూషియస్. ఒక స్త్రీ కూర్చుని ఉంటే టైబీరియస్‌ది. మన దేశంలో బయటపడే రోమన్ వెండిలో ఈ రెండు రకాలే ఎక్కువ. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో ఒక్కచోటే 1,531 దొరికాయి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా, తోమొద్దు. నా ఇరవయ్యో ఏట ఒకాయన పొలంలో దొరికిన నాణెం చూడమని ఇస్తే చింతపండు, బూడిద పెట్టి తళతళలాడేలా రుద్దాను. నల్లటి పొరతో పాటు అక్షరాలూ పోయాయి. అది ఎవరిదో ఇక ఎవరూ చెప్పలేరు. ఆ బాధ నాకింకా తగ్గలేదు.

ఇలా పోగొట్టుకోవడం కొత్త కాదు. 1786లో మన నెల్లూరు దగ్గరే ఒక రైతు నాగలికి ఇటుకలు తగిలాయి. తవ్వితే పాడుబడ్డ చిన్న గుడి, దాని కింద ఓ కుండ, కుండలో రోమన్ బంగారు నాణేలు. ట్రాజన్, హేడ్రియన్, ఫాస్టీనా బొమ్మలున్నవి, కొన్ని అప్పుడే అచ్చు వేసినంత కొత్తగా ఉన్నాయట. ఆ రైతు వాటిని బంగారం లెక్కన అమ్మేశాడు. చాలా భాగం కరిగిపోయింది. ఎన్ని ఉండేవో, ఏ చక్రవర్తి దాకా ఉండేవో మనకు తెలియకుండా పోయింది.

అందుకే గుంటలో నాణెం దొరికిన మూల పొక్లెయిన్ ఆపించు. ఎంత లోతులో దొరికిందో, పక్కన కుండపెంకులేమైనా ఉన్నాయో రాసిపెట్టు, ఫొటోలు తియ్యి. రోమన్‌దని గాని శాతవాహనులదని గాని తేలితే తహసీల్దారు ద్వారా కలెక్టరుకు తెలియజేయాలి. భూమిలో దొరికిన సొత్తు విలువ పది రూపాయలు దాటితే చెప్పి తీరాలని 1878 నాటి చట్టం. నేనూ వెంట వస్తాను.

ఆదివారం దాన్ని నూలుగుడ్డలో చుట్టి, మట్టి మట్టిగానే పట్టుకురా. భూతద్దం తుడిచి పెడతాను.

మీ మామ