ప్రేక్షక హృదయం: ‘కల్కి’ చూసిన మన విద్యార్థులు

కావ్యఫలం సహృదయుని హృదయంలో ఉంటుందని మన ఆలంకారికుల మతం. కవి ఎంతటి ప్రతిభావంతుడైనా, వినేవాని ఎదలో ప్రతిధ్వని పుట్టనినాడు ఆ రచన తాటాకులకే పరిమితం. ఈ మాట నేను ప్రతి సంవత్సరం తరగతిలో చెబుతూనే ఉన్నాను. విద్యార్థులు వ్రాసుకుంటూనే ఉన్నారు, పరీక్షలో నాకే తిరిగి అప్పగిస్తూనే ఉన్నారు. అయితే సహృదయుడంటే ఎవరో వారికి అనుభవంలో ఉన్నదన్న నమ్మకం నాకు కలిగినది 2024 జూన్ 27వ తేదీ తరువాతనే.

ఆ రోజు గురువారం. నాగ్ అశ్విన్ దర్శకత్వంలో వైజయంతీ మూవీస్ నిర్మించిన ‘కల్కి 2898 ఏ.డీ.’ విడుదలైన దినం. మొదటి పీరియడులో బల్లలు బోసిపోయి ఉన్నాయి. హాజరుపట్టీ నిండా గైర్హాజరు గుర్తులు పెట్టి, ఉన్న నలుగురికీ సంధులు చెప్పి వచ్చాను. ఆ ఆదివారం రెండవ ఆటకు నేనూ వెళ్ళాననీ, నా ముందు వరుసలోనే మా మూడవ సంవత్సరం విద్యార్థులు కొందరు కాగితపు ముక్కలు ఎగరవేస్తూ కనిపించారనీ ఇక్కడ ఒప్పుకోక తప్పదు. వారు నన్ను చూడనట్లు నటించారు. నేనూ అంతే.

తరువాతి వారం తరగతిలో వారినొక పని అడిగాను. సినిమా ఎలా ఉన్నదో వ్రాయవద్దు. హాలు ఎప్పుడు హోరెత్తింది, ఎప్పుడు నిశ్శబ్దమైంది, ఆ రెండు వేళలా మీ మనస్సులో ఏమున్నది – ఇంతమాత్రం ఒక పుటకు మించకుండా వ్రాయండి అన్నాను. ఆ కాగితాలే ఈ వ్యాసానికి ఆధారం. “సినిమా పిచ్చిని గురించి తెలుగు మాస్టారు వ్రాయడమేమిటి?” అని మా పెద్దలలో ఒకరు సౌమ్యంగానే అడిగారు. వారికి అప్పుడు సరియైన సమాధానం చెప్పలేకపోయాను.

చిత్రం చూడనివారి కోసం కథ రెండు మాటలలో చెబుతాను. కలియుగం క్రీస్తుకు పూర్వం 3102లో ఆరంభమైనదని సంప్రదాయ గణన. దానికి ఆరువేల ఏళ్ళు కలిపితే వచ్చేది 2898. గంగ ఎండిపోయిన కాశీనగరం. దానిపైన ఆకాశంలో తలక్రిందులుగా వ్రేలాడే ‘కాంప్లెక్స్’ అనే భోగభూమి. ఎక్కడో దాగి ఉన్న శంబల అనే శరణాలయం. కాంప్లెక్స్ ప్రభువు యాస్కిన్‌గా కమల్ హాసన్, శంబల నాయకురాలు మరియమ్‌గా శోభన, గర్భంలో కల్కిని మోస్తున్న స్త్రీగా దీపికా పదుకొణె, ఆమెను పట్టి ఇచ్చి కాంప్లెక్స్‌లో చేరాలని చూసే భైరవుడుగా ప్రభాస్, ఆమెకు కాపుగా నిలిచిన చిరంజీవి అశ్వత్థామగా అమితాబ్ బచ్చన్ నటించారు. ప్రయోగశాలలో ఆ స్త్రీకి పేరు లేదు, ‘సమ్-80’ అనే సంఖ్య మాత్రమే. అది జనం నోట ‘సుమతి’ అయింది. సంఖ్య పేరుగా మారిన ఈ చిన్న చమత్కారాన్ని ఏ విద్యార్థీ పట్టించుకోలేదు. శతకం చదువుకున్నవారు పట్టుకొని ఉండవలసింది.

ఇన్ని రాష్ట్రాల మహానటులను ఒక్క కథలోకి దింపడం కొత్తగా తోచవచ్చును గాని, వీరుల కూటమి కథలు మనకు కొత్తవి కావు. భారతమే అటువంటి కథ. మా ఉర్దూ విభాగపు మిత్రులు ‘దాస్తానె అమీర్ హంజా’ను గుర్తు చేశారు. అమీర్ హంజా బలశాలి, అతని చెలికాడు అమర్ అయ్యార్ టక్కరి. ప్రపంచమంతా పట్టే ‘జంబీల్’ అనే మాయసంచి అతనిది. ఆ కథకు అక్బరు పాదుషా దాదాపు 1400 చిత్రాలు వ్రాయించాడు. నేటి దర్శకులు యంత్రగణన విద్యతో చేస్తున్న పని ఆనాడు కుంచెలు చేశాయన్నమాట.

ఇక హోరు సంగతి. కాగితాలన్నింటిలోనూ మొదటి హోరు భైరవుని ప్రవేశానికే. తెర మీద అతడింకా ఏమీ చేయలేదు. అయినా ఈలలు, కేకలు. అర్జునుడుగా విజయ్ దేవరకొండ ముఖం కనబడగానే మరొక హోరు. రాజమౌళి ఒక చిన్న వేషంలో కనబడితే ఇంకొకటి. రసాస్వాదానికి ఏడు విఘ్నాలున్నాయని అభినవగుప్తుడు నాట్యశాస్త్ర వ్యాఖ్యలో చెప్పాడు. తెరమీది సుఖదుఃఖాలను ‘ఇవి నావి’ అనో ‘ఇవి ఫలానావానివి’ అనో ముడిపెట్టుకోవడం అందులో ఒకటి. ఆ లెక్కన ‘అదిగో మా హీరో’ అన్న ప్రతి కేకా విఘ్నమే. నటుడు కనబడినంతసేపూ పాత్ర కనబడదు.

అయితే ఇంత తేలికగా తీర్పు చెప్పేయడం న్యాయం కాదు. మన ఉత్తరాంధ్రకు చెందిన పీసపాటి నరసింహమూర్తిగారి శ్రీకృష్ణుని చూసినవారు మన ఊళ్ళలో ఇంకా ఉన్నారు. రాయబారం సభలో పద్యం ముగియగానే ‘వన్స్‌మోర్’ అని కేక పడేదట. ధృతరాష్ట్రుడు, దుర్యోధనుడు ఓపికతో కూర్చొని ఉండగా కృష్ణపాత్రధారి ఆ పద్యం మళ్ళీ అందుకొనడం పద్యనాటకంలో మామూలు సంగతి. కౌరవసభలో రాయబారం రెండుసార్లు జరగడం ఏ భారతంలోనూ లేదు. దానివల్ల నాటకం పాడైందని ఎవరూ అనలేదు. ముషాయిరాలో షేర్ నచ్చినప్పుడు ‘ముకర్రర్’ అని అడగడం ఇటువంటిదే. మళ్ళీ ఒకసారి చెప్పమని అర్థం.

ఇక్కడ నాకొక భేదం తోచింది. వన్స్‌మోర్, ముకర్రర్ – ఈ రెండూ పని జరిగిన తరువాత పడే కేకలు. పద్యం విని, తూచి, అప్పుడు అడిగినవి. ప్రవేశానికి పడే ఈల పని జరగక ముందే పడుతుంది. ఒకటి మెప్పు, మరొకటి స్వాగతం. స్వాగతం చెప్పడం తప్పు కాదు. అది మెప్పు కాదని తెలిస్తే చాలు. ఈ భేదం చెప్పి, మీ కాగితాలలోని హోరులను రెండు వరుసలుగా విడదీయండి అన్నాను. అశ్వత్థామ చేసిన పోరాటాలన్నీ రెండవ వరుసలో చేరాయి. ఎనభయ్యవ పడి దాటిన నటుణ్ణి ఇరవై ఏళ్ళ కుర్రవాళ్ళు ఏ పూర్వాభిమానమూ లేకుండా, కేవలం చేసిన పనిని చూసి మెచ్చుకున్నారు. ఇది చిన్న విషయం కాదు.

చివరి హోరు మాత్రం ఏ వరుసలోనూ ఇమడలేదు. భైరవుడు పూర్వజన్మలో కర్ణుడని తెలిసే ఘట్టమది. అక్కడ నటుడు, పాత్ర ఒక్క క్షణంలోనే గుర్తుకు వచ్చారు. అది స్వాగతమూ అయింది, మెప్పూ అయింది. పైగా అడిగినవారికి కవచకుండలాలు కోసి ఇచ్చిన దానవీరుడు, యూనిట్లు లెక్కపెట్టుకునే వేటగాడుగా పుట్టాడన్న వైపరీత్యం ఉన్నదే, అది మన కుర్రవాళ్ళకు సూటిగా తగిలింది. సినిమా వదిలిన తరువాత దారి పొడుగునా ‘కర్ణుడు గొప్పా, అర్జునుడు గొప్పా’ అని వాదులాడుకున్నట్లు చాలామంది వ్రాశారు. కర్ణుని పక్షాన మన ప్రేక్షకుల మొగ్గు ఇవాళ్టిది కాదు. 1977 సంక్రాంతికి వచ్చిన ‘దానవీరశూర కర్ణ’ దాదాపు నాలుగు గంటల చిత్రం. రామారావుగారు తామే దర్శకత్వం వహించి కృష్ణ, దుర్యోధన, కర్ణ పాత్రలు మూడూ ధరించారు. కొండవీటి వెంకటకవిగారి సంభాషణలు పెళ్ళిపందిళ్ళ మైకులలో కూడా మ్రోగేవని మా నాన్నగారు చెబుతారు. ఆయన ఉర్దూ మాధ్యమంలో చదువుకున్నవారు, అయినా సభలోని దుర్యోధనుని మాటలు గుక్కతిప్పుకోకుండా అప్పజెబుతారు. విరాటపర్వంలో గోగ్రహణవేళ ఒంటరి అర్జునుని చేతిలో కర్ణుడు ఓడిపోయాడనీ, ఘోషయాత్రలో గంధర్వుల ముందు నిలువలేకపోయాడనీ నేను గుర్తు చేస్తే తరగతి నావైపు గుర్రుగా చూసింది. పుస్తకం అర్జునుని గెలిపించింది. హాలు కర్ణుని గెలిపించింది. ఓడినవాని వైపు నిలవడం జనానికి ఇష్టం. ఆ ఇష్టాన్ని గణాంకాలతో మార్చలేమని నాకు ఆ రోజే తెలిసింది.

కాగితాలలో నన్ను నిలవేసినది నిశ్శబ్దాన్ని గురించిన వాక్యం. చిత్రం ఆరంభంలోనే కురుక్షేత్రం చూపిస్తారు. ఉత్తర గర్భంలోని శిశువు మీదకు అస్త్రం వేసిన అశ్వత్థామకు కృష్ణుని శాపం తగులుతుంది. ముందు యుగంలో మరొక గర్భాన్ని కాపాడితేనే విముక్తి. ‘అక్కడ హాలు గప్‌చిప్’ అని వ్రాసిన ఒక విద్యార్థి, రాజాం ప్రాంతం నుంచి వచ్చినవాడు, తరగతిలో లేచి అడిగాడు: “మాస్టారూ, నిద్దరోతున్న పిల్లల్ని సంపినోడు కదండీ ఆయన. మరి తరవాత మనవందరం తప్పట్లు కొట్టేసేమేటండీ?”

సౌప్తికపర్వం అతడెప్పుడు చదివాడో నాకు తెలియదు. వాళ్ళ ఊరి జముకుల కథలో విన్నాడట. తరగతిలో ఎవరూ మాట్లాడలేదు. చివరకు ఉర్దూ విభాగం నుంచి ద్వితీయభాషగా తెలుగు తీసుకున్న ఒక అబ్బాయి, “సర్, తౌబా తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుందని మా దాదీ అంటుంది” అన్నాడు. మొదటివాడు ఒప్పుకోలేదు. “తౌబా ఎవర్ని అడగాలండీ? దేవుణ్ణా, ఆ పిల్లల తల్లినా?”

ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదు. పుస్తకాల దగ్గర రెండున్నాయి. భారతంలో ద్రౌపది అశ్వత్థామ తలమణి తెచ్చి ఇవ్వమని పట్టుబట్టింది. అది తెచ్చి ఇచ్చిన తరువాతనే శాంతించింది. పోతనగారి భాగవతం ప్రథమస్కంధంలోని ద్రౌపది వేరు. అర్జునుడు అశ్వత్థామను కట్టి తెచ్చి ఎదుట నిలబెడితే, విడిచిపెట్టమన్నది ఆమెయే. బిడ్డలను పోగొట్టుకొని తాను ఏడుస్తున్నట్లు ఇతని తల్లి ఏడవకూడదన్నది. మరుసటి రోజు ఆ పద్యాలు తరగతిలో చదివాను. ఈల వేసేవారు ఒక్కరూ వేయలేదు. చదవడం ముగిశాక వెనుక బల్ల నుంచి ఎవరో మెల్లగా “ముకర్రర్” అన్నారు. ఎగతాళికి అన్నాడో, నిజంగా అన్నాడో తెలియదు. నేను మాత్రం మళ్ళీ చదివాను.

ఇంకొక కాగితం ఉన్నది. అది ఒక విద్యార్థిని వ్రాసినది. మొదటి వారం టిక్కెట్లు దొరకలేదనీ, దొరికినా ఆ త్రొక్కిసలాటలోకి ఇంట్లో పంపరనీ, రెండవ వారం తల్లితో పగటి ఆటకు వెళ్ళాననీ వ్రాసింది. ‘అబ్బాయిలు చెప్పిన హోరు నేను వినలేదు. అందుకే మాటలన్నీ వినబడ్డాయి. మరియమ్ అన్న పేరు వినగానే అమ్మ నా చేయి పట్టుకొంది’ అన్నది. హోరు మగపిల్లల సొత్తుగానే మిగిలిపోతున్నదా అన్న ప్రశ్న ఆ ఒక్క కాగితం వల్ల వచ్చింది. ఆ త్రొక్కిసలాట అన్న మాటను నేనప్పుడు చదివి వదిలేశాను. ఆ సంవత్సరమే డిసెంబరు 4న హైదరాబాదులో మరొక చిత్రపు ముందస్తు ఆట వద్ద జరిగిన త్రొక్కిసలాటలో ఒక తల్లి మరణించింది. మరునాడు పత్రికలో ఆ వార్త చూసినప్పుడు ఈ కాగితం బీరువాలో నుంచి మళ్ళీ తీశాను.

బుర్రకథలో వంతలున్నారు. హాస్యగాడు ప్రేక్షకుని అనుమానాన్ని ప్రేక్షకునికి బదులుగా అడుగుతాడు, కథకుడు ఆగి జవాబు చెబుతాడు. షేక్ నాజర్‌గారు పలనాటి వీరులను పాడినా, అల్లూరిని పాడినా ఆ ఏర్పాటు అలాగే ఉండేది. సినిమాలో ప్రశ్నకు పీట లేదు. రాజాం అబ్బాయి ప్రశ్న తెరకు వినబడదు కనుకనే అది తరగతికి రావలసి వచ్చింది. మా పెద్దలకు నేను ఆ రోజు చెప్పలేకపోయిన సమాధానం ఇదేననుకుంటాను.

వచ్చే సంవత్సరం బొబ్బిలికథ ఇదే విధంగా చదివించాలని సంకల్పం. 1757 జనవరి 24న బుస్సీ ఫిరంగులు కూల్చిన కోట అది. విజయనగరం ప్రభువు విజయరామరాజును తాండ్ర పాపారాయుడు గుడారంలో పొడిచిన కథ అది. ఈ మాట తరగతిలో ప్రకటించగానే బొబ్బిలి నుంచి బస్సులో వచ్చే విద్యార్థులు ఒక వైపు, విజయనగరం వాళ్ళు మరొక వైపు సర్దుకొని కూర్చున్నారు.