రక్తపుపోటు అదుపు – పంచాయతీల బాధ్యత

నిన్నటివరకు నాగలి పట్టిన రైతు ఒకనాడు కాలు, చేయి పడిపోయి మంచమెక్కుట ప్రతి గ్రామములోను చూచుచునే యున్నాము. సేద్యము ఆగిపోవును, ఇల్లు అప్పులపాలగును. ఇరుగు పొరుగువారు విధివ్రాత యని సరిపెట్టుకొందురు. కాని పక్షవాతములలో పెక్కింటికి మూలము ఏండ్ల తరబడి పట్టించుకొనని రక్తపుపోటు. పల్లెలలో దీనినే బి.పి. యందురు.

రక్తపుపోటు అనగా నేమి?

గుండె నెట్టిన రక్తము నాళముల గోడలపై కలిగించు ఒత్తిడియే రక్తపుపోటు. ఈ ఒత్తిడి హెచ్చి చాలకాలము నిలిచినచో మెదడు, గుండె, మూత్రపిండములు, కండ్లు చెడును. కొలతలో రెండు అంకెలుండును. గుండె ముడుచుకొన్నప్పటిది పై అంకె; విశ్రమించినప్పటిది క్రింది అంకె. వేర్వేరు దినములలో కొలిచినను పై అంకె 140 గాని, క్రింది అంకె 90 గాని, అంతకు మించి గాని ఉన్నచో వైద్యుని సలహా పొందవలెను. ఈ వ్యాధికి సాధారణముగా నొప్పి యుండదు. కొలిచిననే గాని తెలియదు.

దేశదేశముల అనుభవము

2024లో లోకమందు సుమారు 140 కోట్లమందికి అధిక రక్తపుపోటు ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలిపినది. వారిలో సుమారు ఐదుగురికి ఒక్కరి పోటు మాత్రమే అదుపులో నున్నది. దీనికి మందు లేకపోలేదు. అమ్లోడిపిన్ వంటి చౌక మాత్రలు దశాబ్దములుగా వాడుకలో నున్నవి. ఆ మాత్ర ప్రతి నెల తప్పక రోగికి అందకుండుటయే పెద్ద లోపము.

ఈ లోపమును సవరించుకొన్న దేశములు కలవు. కెనడాలో 1992 నాటికి నూటికి 13 మందికి మాత్రమే పోటు అదుపులో నుండగా, 2009 నాటికి సుమారు 65 మందికి అదుపైనది. దక్షిణ కొరియాలో 2022 నాటికి నూటికి 59 మందికి అదుపైనది.

మన దేశమున భారత రక్తపుపోటు నియంత్రణ కార్యక్రమము 2018లో ఐదు రాష్ట్రములలోని కొన్ని జిల్లాలలో మొదలయ్యెను. వానిలో తెలంగాణ ఒకటి. వైద్యులందరికి ఒకే చికిత్సా క్రమము, మందుల నిలువ, సిబ్బంది కలసి పనిచేయుట, రోగుల లెక్క, సరియైన కొలత యంత్రములు – ఇట్టివి దీనికి పునాది. 2022లో ఈ కార్యక్రమమునకు ఐక్యరాజ్యసమితి పురస్కారము లభించినది.

పంచాయతీ సభ్యులు చేయదగినవి

1. 30 ఏండ్లు దాటిన ప్రతివారును ఏటేట రక్తపుపోటు కొలిపించుకొనునట్లు చూడవలెను. కొలుచుటకు ముందు ఐదు నిముషములు కూర్చుండి విశ్రమించవలెను. అరగంట ముందు నుండి చుట్ట, బీడీ, కాఫీ ముట్టరాదు.

2. ఉప కేంద్రములో మాత్రలు, పనిచేయు కొలత యంత్రము ఉన్నవా యని నెలకొకసారి విచారించవలెను. లేనిచో ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునకు వెంటనే తెలుపవలెను.

3. మాత్రలకు రాని వారెవరో ఆశా కార్యకర్త నడిగి తెలిసికొని, వారి ఇంటికి వెళ్ళి నచ్చజెప్పవలెను. "ఒంట్లో బాగుగనే యున్నది గదా" యని మాత్ర మానువారే ఎక్కువ. బాగుగ నుండుట మాత్ర వలననే యనియు, వైద్యుడు చెప్పక మానరాదనియు వారికి తెలియవలెను.

4. ఉప్పు తగ్గించుమని చెప్పవలెను. దినమునకు ఒక్కొక్కరికి 5 గ్రాములు, అనగా ఒక చిన్న చెంచా, మించరాదు. ఊరగాయ, అప్పడము, చల్లమిరప, ఎండుచేప లోని ఉప్పు కూడ ఈ లెక్కలోనిదే.

ఈ పనులకు పెద్ద నిధులు అక్కరలేదు, శ్రద్ధ కావలెను. వచ్చే సమావేశములో నీటి పన్ను, వీధి దీపములతో పాటు ఒక ప్రశ్న కూడ వేయుడు: "మన ఊరిలో బి.పి. ఉన్నవారెందరు? వారిలో ఈ నెల మాత్రలు అందినవారెందరు?" ఈ రెండు అంకెలు సమానమైన ఊరిలో ఎన్నో కుటుంబములు దిక్కుమాలిన స్థితి నుండి తప్పించుకొనును.