ఒంటరి వేరు, ఏకాంతం వేరు

మడికొండలో మెట్టుగుట్ట ఉంది. గుట్ట మీద రామలింగేశ్వరస్వామి గుడి ఉంది. శివరాత్రికి అక్కడ జనం కిటకిటలాడతారు.

ఒకరోజు సాయంత్రం ఒకామె గుట్ట మెట్ల మీద ఒక్కతే కూర్చుంది. చేతిలో చదువుల పుస్తకం ఉంది. పక్కింటి వదినె చూసింది.

"ఏమైంది వదినె? ఒక్కదానివే కూసున్నవ్? ఇంట్ల కొట్లాటైందా?"

"ఏం కాలేదు వదినె. ఊరికెనే కూసున్న."

"ఆడోళ్లు ఊరికెనే ఎవరన్న కూసుంటరా?"

ఆ రాత్రి చదువుల కాడ ఈ ముచ్చటే వచ్చింది. చదువు చెప్పే చెల్లె నల్లబల్ల మీద రెండు మాటలు రాసింది.

ఒంటరి
ఏకాంతం

"రెండూ ఒక్కటే గద!" అన్నది వదినె.

"కాదు. విడదీసి చూద్దాం" అన్నది చెల్లె.

ఒంటరి మన తెలుగు మాట. ఒంటి అంటే ఒకటి. ఒంటికాలు, ఒంటిపూట బడి అంటాం కదా! తోడు లేని మనిషి ఒంటరి.

ఏకాంతం సంస్కృతం నుంచి వచ్చిన మాట.

ఏక + అంత = ఏకాంత

ఏక అంటే ఒకటి. మనం ఒక్కపొద్దుండే ఏకాదశిలోనూ ఈ మాటే ఉంది. ఏక అంటే ఒకటి, దశ అంటే పది. రెండూ కలిస్తే పదకొండు. అంత అంటే కొస, పక్క. గుంపుకు దూరంగా, ఒక పక్కన ఉన్న చోటు ఏకాంతం. అట్లా కోరుకొని కాసేపు తనంత తాను ఉండటం కూడా ఏకాంతమే.

తిరుమలలో రాత్రి స్వామిని పడుకోబెట్టే సేవ పేరు ఏకాంత సేవ. ఆ సేవలో తరిగొండ వెంగమాంబ పేరుతో ముత్యాల హారతి ఇస్తారు.

వెంగమాంబ ఎవరు? సుమారు 250 ఏళ్ల కిందటి కవయిత్రి. చిన్నతనంలోనే భర్త పోయాడు. ఆ కాలంలో భర్త పోయిన ఆడదాన్ని మూలకు నెట్టేవారు. అది ఇతరులు పెట్టిన ఒంటరితనం. ఆమె ఆ మూలలో ఉండిపోలేదు. తిరుమల చేరింది. తుంబురు కోనలో ఒక్కతే ఉండి ధ్యానం చేసిందని చెబుతారు. అది తాను కోరుకున్న ఏకాంతం. 'వేంకటాచల మాహాత్మ్యం' వంటి పుస్తకాలు రాసింది.

వదినె అంతా విన్నది. "దేవునికే రోజుకోసారి ఏకాంతం ఉన్నది. మనకు వద్దా?" అన్నది. అందరూ నవ్వారు.

గుట్ట మీద కూర్చున్నామె మెల్లగా చెప్పింది. "ఇంట్ల ఎనిమిది మందిమి. పుస్తకం పట్టంగనే ఎవరో ఒకరు పిలుస్తరు. గుట్ట మీద ఇయ్యాల రెండు పేజీలు చదివిన. ఎవ్వరి సాయం లేకుంట చదివిన."

వదినె ఆమె చెయ్యి పట్టుకున్నది. "రేపు నీ పిల్లలను నేను చూసుకుంట. నువ్వు పో."

"వదినె అడగడం కూడా తప్పు కాదు" అన్నది చెల్లె. "బాధతో మూలకు కూర్చున్నామెను పలకరించాలి. ఇష్టపడి కూర్చున్నామెను కాసేపు వదిలెయ్యాలి. ఏదో తెలియకపోతే అడగాలి."

ఆలోచించండి, మాట్లాడండి

1. ఇంటినిండా మనుషులున్నా ఒంటరిగా అనిపిస్తుందా? ఎప్పుడు?
2. రోజులో మీకంటూ ఎంత సమయం ఉంది?
3. మగవాళ్లు ఒక్కరే కూర్చుంటే ఎవరైనా అడుగుతారా? ఆడవాళ్లను ఎందుకు అడుగుతారు?

రాయండి

'ఏక'తో మొదలయ్యే మరో రెండు మాటలు, 'ఒంటి'తో మొదలయ్యే మరో రెండు మాటలు రాయండి.